చేతివాటం

మా పెద్దత్తయ్య పోయింది. ఎనభై దాటిన మనిషి, ఒకరి చేత చేయించుకోకుండా నిద్రలోనే వెళ్లిపోయింది. పదమూడో రోజు శుభస్వీకారం భోజనాలయ్యాక, చీరాలలో వాళ్లింటి ముందు వేసిన షామియానా కింద కుర్చీలు దగ్గరకు లాక్కుని ఆవిడ కబుర్లే చెప్పుకుంటున్నాం. ఆవిడ పెట్టే చింతకాయ తొక్కు, ఆవిడ పాడే మంగళహారతులు, అష్టాచెమ్మాలో ఆవిడ పంతం. మా పిన్ని ఒకావిడ "వదిన ఏ ఇంటికెళ్లినా కాళ్లు కడుక్కుని తిన్నగా వంటింట్లోకే..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆగిపోయి, గ్లాసులో లేని మజ్జిగ తాగింది. మిగిలినవాళ్లం తలోవైపు చూశాం.

అక్కడున్న అందరికీ తెలిసిన సంగతే. అత్తయ్యకు చేతివాటం ఉండేది. దొంగతనం అని మా ఇళ్లలో ఎవరూ ఏనాడూ అనలేదు. చేతివాటం అనేవాళ్లు. కాస్త దగ్గరివాళ్లయితే "దానికి చెయ్యి ఆగదు" అనేవాళ్లు, తుమ్మో దగ్గో ఆగనంత మామూలుగా.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, చిన్నప్పుడు మా ఇంట్లో వినపడ్డ దొంగల మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

*

బాపట్లకీ చీరాలకీ మధ్య మా ఊరు. అత్తయ్య వస్తోందంటే మాకు పండగే. మలుపు దగ్గర జట్కా గుర్రం మెడలో గంటలు వినపడగానే పరిగెత్తేవాళ్లం. వేటపాలెం జీడిపప్పు పొట్లాలు కట్టించుకుని తెచ్చేది. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టుకుని తలలు దువ్వేది, దువ్వుతూ కథలు చెప్పేది. ఆ ఇంట్లో మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా వేయని పెద్దమనిషి ఆవిడ ఒక్కతే.

ఆవిడ వచ్చే ముందురోజు మామ్మ ఒక తతంగం నడిపేది. వెండి కుంకుమభరిణె, ఉగ్గుగిన్నె, పన్నీరుబుడ్డి భోషాణంలో పెట్టి తాళం వేసేది. అంతవరకూ ఎవరైనా చేసేదే. ఆ తర్వాత ఒక పాత చెంచా, సొట్టపోయిన మూత, రెండు పిన్నీసులు వెతికి తీసి, కావాలని వంటింటి గూట్లో పైకి కనపడేలా పెట్టేది. "అవెందుకు మామ్మా అక్కడ?" అంటే, "ఏదీ దొరక్కపోతే దానికి రాత్రి నిద్ర పట్టదే, పాపం" అనేది. కన్నకూతురు కదా.

అత్తయ్య డబ్బు ముట్టుకునేది కాదు. తాతయ్య చొక్కా జేబులో చిల్లర గలగలమంటున్నా అటు చూసేది కాదు. బంగారం జోలికి పోయేది కాదు. ఆవిడకు కావలసినవి వేరు. ఉప్పు చెంచా, మరచెంబు మూత, దువ్వెన, తాతయ్య పొడుం డబ్బీ, నా రబ్బరు, ఏ తాళానికీ పట్టని తాళంచెవి. వాళ్లింట్లో ఇంతకంటే మంచివి ఉన్నాయి. మామయ్యకు పోస్టాఫీసులో ఉద్యోగం, లోటు లేని సంసారం. పట్టుకెళ్లినవి వాడేది కూడా కాదు. బీరువాలో చీరల మడతల మధ్య పెట్టుకునేది, అంతే.

నాలుగు రోజులకో వారానికో మామయ్య వచ్చేవారు. సైకిలు హ్యాండిల్‌కు ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉండేది. "ఇటు ఏదో పని పడి వచ్చాను" అనేవారు. కాఫీ తాగి, సంచి వంటింటి గుమ్మం పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు కాళ్లు కడుక్కునేవారు. ఆయన తిరిగొచ్చేలోపు మామ్మ సంచి ఖాళీ చేసేది. ఆ సంచి గురించి అత్తాఅల్లుళ్లు ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. ఆయన సైకిలెక్కి మలుపు తిరిగాక మాత్రం నాన్నగారు "బట్వాడా అయింది" అని నవ్వేవారు.

ఒక్క మా ఇంటికే కాదు. అత్తయ్య పేరంటాలకు, పెళ్లిళ్లకు వెళ్లిన ప్రతి ఇంటికీ ఆ సంచి వెళ్లేది. ఎవరిది ఏదో ఆయనకెలా తెలిసేదంటే, అప్పట్లో గిన్నెల మీద పేర్లుండేవి. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. స్టీలు సామాను కొంటే, కొట్టు అరుగు మీదే ఒకతను గిన్నె ఒళ్లో బోర్లించుకుని చిన్న ఉలి, సుత్తి పెట్టి టకటకటకమని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టేవాడు. తర్వాత కరెంటు మిషన్లు వచ్చాయి, జుయ్యిమని పళ్లు పులిసిపోయే చప్పుడు చేసేవి. కంచానికి, చెంబుకు, గరిటెకు, చివరికి మూతకు కూడా పేరే. పెళ్లిళ్లకు ఊరందరి గిన్నెలూ ఒకచోట చేరేవి కాబట్టి ఎవరివి వాళ్లకు చేరాలంటే అదొక్కటే దారి. అక్షరానికి ఇంత అని డబ్బు తీసుకునేవాడు కాబట్టి పొదుపరులు పొడి అక్షరాలే కొట్టించుకునేవాళ్లు. ఆ పొడి అక్షరాలే మామయ్యను ఇబ్బంది పెట్టేవి. మా చుట్టాల్లో సగం మంది ఇంటిపేరు ఒకే అక్షరంతో మొదలవుతుంది మరి.

*

మామ్మ నోట ఒక్కో దొంగతనానికి ఒక్కో మాట. పాలల్లో నీళ్లు కలిపితే కక్కుర్తి. కొట్టువాడు తూకంలో తగ్గిస్తే నొక్కేశాడు. పెళ్లి వంటవాడు నేతిడబ్బా పక్కకు జరిపితే చక్కబెట్టాడు. తీసుకెళ్లిన కంచం పక్కింటివాళ్లు తిరిగివ్వకపోతే జీర్ణం చేసుకున్నారు. గుడి మాన్యం కౌలు ఎగ్గొట్టినవాడు దేవుడి సొమ్ము మింగాడు. ఉట్టి మీది బెల్లం మేం రోజుకింత గిల్లుకుంటే చిలక్కొట్టుడు.

బడికి వెళ్లనివాడు బడిదొంగ, పనికి వంకలు పెట్టేవాడు పనిదొంగ, పక్కవాళ్ల చేలో పడే ఆవు దొంగగొడ్డు. దొంగనిద్ర, దొంగ ఏడుపు, దొంగదగ్గు సరేసరి. దాగుడుమూతల్లో కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టేవాడు కూడా దొంగే. దాక్కున్నవాళ్లు దొరలు, పాపం వెతికేవాడు దొంగ! ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు. ఇక కృష్ణాష్టమికి ఇంట్లోకి పిండితో బుల్లి పాదాలు వేసి మరీ పిలిచేది వెన్నదొంగనే.

ఊరు ఊరంతా ఒప్పుకున్న దొంగతనం ఇంకొకటుంది. భోగి ముందు రాత్రి కుర్రాళ్లు గుంపుగా బయల్దేరి దొడ్లో కనపడ్డ దుంగలు, విరిగిన మంచాలు, పాత తలుపులు ఎత్తుకొచ్చి మంటలో వేసేవాళ్లు. తెల్లారి ఎవరైనా తిడితే అదీ పండగలో భాగమే. ఒక ఏడాది మా నాన్నగారి పడక్కుర్చీ పోయింది. మర్నాడు ఆయన ఆ మంట దగ్గరే చలి కాచుకుంటూ, అది తన కుర్చీ అని తెలియకుండా, "కట్టె బాగా ఎండింది రా" అని మెచ్చుకున్నారట.

*

తాతయ్య దొంగలు వేరు. ఆయనవి సంస్కృతం దొంగలు.

సాయంత్రం దీపాలు పెట్టాక వీధరుగు మీద మాచేత అమరం, అదే సంస్కృతంలో ఒక్కో మాటకున్న పేర్లన్నీ చెప్పే అమరకోశం, వల్లె వేయించేవారు. "చౌరైకాగారికస్తేనదస్యుతస్కరమోషకాః, ప్రతిరోధిపరాస్కందిపాటచ్చరమలిమ్లుచాః". దొంగకు పది పేర్లు, రెండు పంక్తుల్లో. అర్థం తెలియకముందే నోటికొచ్చేసింది. మాకు అన్నిటికంటే నచ్చింది చివరిది. బళ్లో ఎవడైనా బలపం తీస్తే "ఒరేయ్ మలిమ్లుచా!" అని అరిచేవాళ్లం. వాడు మేష్టారితో చెప్పినా, అది తిట్టో కాదో తేలక మేష్టారు ఎవర్నీ కొట్టేవారు కాదు.

ఐకాగారికుడంటే ఒంటరిగా ఉన్న ఇల్లు చూసి దూరేవాడు. ఈ ఒక్క మాట కోసం సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఏకంగా ఒక సూత్రం రాశాడని తాతయ్య కళ్లు పెద్దవి చేసి చెప్పేవారు. మా ఇల్లు ఊరి చివర, పక్కన ఇంకో ఇల్లు లేకుండా ఉండేది. ఆ మాట చెప్పిన రాత్రి నేను మామ్మ పక్కలోంచి కదల్లేదు.

కార్తీకమాసం సోమవారాలు తెల్లవారుజామునే చెరువులో మునిగి, వణుకుతూ శివాలయానికి వెళ్లేవాళ్లం. ఆముదం దీపాల వాసన, తడి విభూతి వాసన, రాతి పానవట్టం మీద నీళ్లు పడే చప్పుడు. తాతయ్య, పూజారిగారు కలిసి రుద్రుడికి నమస్కారాలు చెప్పే నమకం చదివేవారు. మూడో అనువాకం వచ్చేసరికి తాతయ్య గొంతు కొంచెం లేచేది. "స్తేనానాం పతయే నమో నమః... తస్కరాణాం పతయే నమో నమః..." దొంగల నాయకుడా, నీకు నమస్కారం! శివుణ్ణి పట్టుకుని ఇదేం మాట అని అడిగితే, ప్రసాదం కొబ్బరిముక్క నములుతూ తాతయ్య ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. స్తేనుడు చాటుగా ఎత్తుకుపోయేవాడు, తస్కరుడు చూస్తుండగానే లాక్కుపోయేవాడు. వంచతే అంటే నమ్మించి ఎప్పుడో ఒకసారి ముంచేవాడు, పరివంచతే అంటే ప్రతిసారీ ముంచేవాడు. ముష్ణతాం అన్నది చేలల్లో పంట కోసుకుపోయేవాళ్లను. కులుంచానాం అన్నది పొలాలు, ఇళ్లు కాజేసేవాళ్లను. స్తాయువులంటే ఇంట్లో మనిషిగా మసులుతూ రాత్రీ పగలూ ఎవరికీ తెలియకుండా తీసేవాళ్లు. అందరిలోనూ ఆ రుద్రుడే ఉన్నాడని భాష్యకారులు అన్నారట.

"స్తాయువంటే మన అత్తయ్యా?" అంది మా చెల్లెలు. తాతయ్య దగ్గు వచ్చినట్టు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు.

తాతయ్య మా ఊరి కరణం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేసేదాకా ఊరి పొలాల లెక్కలన్నీ ఆయన పెట్టెలోనే ఉండేవి. మామ్మ ఆయన్ని ఆట పట్టించేది. "ఆ కులుంచుల దగ్గర కాస్త గట్టిగా చదవండి. పక్క ఊరి కరణంగారికి కూడా వినపడాలి." ఇవాళ పేపర్లో కబ్జా అన్న మాట కనపడినప్పుడల్లా నాకు మామ్మే గుర్తొస్తుంది.

*

ఐకాగారికుడు నిజంగానే వచ్చాడు. వేసవికాలం, అందరం వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాం. సామాన్ల గది వెనక గోడ మట్టి ఇటుకది. రాత్రి ఎప్పుడో గరగరమని చప్పుడు వినపడిందిట మామ్మకు. పందికొక్కు తవ్వుతోందనుకుని, "ఛీ పో" అని పడుకునే ఒక కేక వేసి అటు తిరిగి పడుకుంది. పాపం ఆ దొంగ ఆ కేకకు ఎంతసేపు బిగుసుకుని ఉన్నాడో.

తెల్లారేసరికి గోడకు కన్నం. మనిషి పట్టేంత, అంచులు నున్నగా, చూడముచ్చటగా ఉంది. రెండు ఇత్తడి గుండిగలు, బిందెలు, ఒక పట్టుచీర పోయాయి. పెద్దవాళ్లు గుండెలు బాదుకుంటుంటే, మేం ఊరి పిల్లలందరం వరసలో నిలబడి ఆ కన్నంలోంచి అటూ ఇటూ దూరాం. ఊరు ఊరంతా చూడడానికొచ్చింది. కన్నం వేసేవాడు ముందు తల పెట్టడని, కర్రకు కుండ బోర్లించి లోపలికి పంపి చూస్తాడని, లోపలెవరైనా కర్రతో కాచుకుని ఉంటే దెబ్బ కుండకే పడుతుందని ఒక పెద్దాయన చెప్పాడు. తాతయ్యకు ఆ బాధలోనూ శర్విలకుడు గుర్తొచ్చాడు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో దొంగ. కన్నం తామరపువ్వు ఆకారంలో వేయాలా, నెలవంక ఆకారంలో వేయాలా, పూర్ణకుంభంలా వేయాలా అని గోడ ముందు నిలబడి ఆలోచిస్తాడు. కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యంతోనే కొలుస్తాడు, బ్రాహ్మణ దొంగ మరి. "మనది పూర్ణకుంభమే" అని తాతయ్య తేల్చారు. నాన్నగారికి ఒళ్లు మండింది.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. పోయిన వస్తువుల జాబితా రాసుకుని "ఎవరి మీదైనా అనుమానమా?" అని అడిగితే, గుంపులో నలుగురైదుగురు ఒకేసారి ఒకే ఊరి పేరు చెప్పారు. స్టువర్టుపురం.

మాకు ఆ ఊరు దగ్గరే. బాపట్ల నుంచి చీరాల వెళ్లే ప్యాసింజరు అక్కడ ఆగేది. ఆ స్టేషను దగ్గరపడుతోందనగానే బోగీలో ఒక కదలిక. కిటికీ షట్టర్లు దబదబా పడేవి, పెట్టెలు కాళ్ల కిందికి వచ్చేవి, ఆడవాళ్లు మెడ చుట్టూ కొంగు కప్పుకునేవాళ్లు. బయట చూస్తే ప్లాట్‌ఫాం మీద ఒక ముసలమ్మ, ఒక మేక, అంతే. అల్లరి పిల్లల్ని తిట్టడానికి కూడా ఆ ఊరి పేరే వాడేవాళ్లు.

అసలు ఆ ఊరెలా పుట్టిందో చాలామందికి పట్టదు. 1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాల్లో పుడితే చాలు, పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్లో రాసుకునే చట్టం. తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకలవాళ్ల బేరాన్ని రైళ్లు దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లకు ఈ చట్టం ముద్ర వేసింది. 1913లో వాళ్లను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి బాపట్ల పక్కన సెటిల్మెంటు పెట్టించి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీరాల పొగాకు కంపెనీలో పనికి వెళ్లినవాళ్లూ వాళ్లే. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం రద్దు కాలేదు, నేను చదువుకునే రోజుల్లో కూడా.

మా కన్నం వేసిందెవరో తేలలేదు. కానీ కొన్నాళ్లకు ఒక పెద్ద ఇంట్లో పెళ్లికి వెళితే, వంటల దగ్గర పప్పు ఉడుకుతున్న గుండిగ అంచు మీద తాతయ్య పేరు కనపడింది. అరిగిపోయిన చుక్కలే, కానీ మామ్మ గుర్తుపట్టింది. ఆ ఇంటాయన ఏమాత్రం తొణక్కుండా "ఎవరో అమ్మితే చవగ్గా వస్తోందని కొన్నానండీ" అన్నారు. దొంగసొత్తని తెలిసి కొనడం కూడా నేరమే, దానికి అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలో 411 అని సెక్షన్ ఉండేది. మా ఊరి భాషలో మాత్రం దొంగసొత్తు కొనేవాడికి మాటే లేదు. పెద్దమనిషి అనేవాళ్లు.

*

ఉగ్గుగిన్నె సంగతి ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

మా తమ్ముడి బారసాల. ఇల్లంతా చుట్టాలు. పసివాడికి ఉగ్గు పట్టాలి కాబట్టి గిన్నె భోషాణంలోంచి బయటికి వచ్చింది. హడావిడి తగ్గాక చూస్తే గిన్నె లేదు. మామ్మ ముఖం చూస్తేనే తెలిసిపోయింది ఆవిడకు తెలుసని. కానీ చుట్టాల ముందు కూతురి పేరు ఎలా బయటపెడుతుంది? మామయ్య వస్తారులే అని ఊరుకుంది. ఊరుకోనిది చుట్టాలు. అంట్లు తోమే మనిషి ఉదయం నుంచి లోపలికీ బయటికీ తిరిగిందని ఒకరు, కొంగు బరువుగా ఉందని ఇంకొకరు. సాయంత్రానికి అంజనం వేసేవాణ్ణి పిలిపించారు.

అంజనం చూడడానికి చిన్నపిల్లలు కావాలి, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లయితే మరీ మంచిదట. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తమలపాకు మీద ఆముదంతో రంగరించిన కాటుక పూసి, పక్కన దీపం పెట్టి, రెప్ప వేయకుండా చూడమన్నాడు. "ఊడ్చేవాడు వచ్చాడా? కళ్లాపి చల్లాడా? కుర్చీ వేశాడా? హనుమంతుడు వచ్చి కూర్చున్నాడా?" అని గబగబా అడుగుతున్నాడు. నాకు కాటుకలో దీపం, నా ముక్కు తప్ప ఏమీ కనపడలేదు. అదే చెప్పాను. ఈ పిల్లకు దృష్టి లేదని నన్ను లేపి, మా పెదనాన్నగారి అబ్బాయిని కూర్చోబెట్టారు. వాడికి ఊడ్చేవాడు కనపడ్డాడు, హనుమంతుడూ కనపడ్డాడు, ఆ తర్వాత ఎర్రచీర కట్టుకున్న ఒక ఆడమనిషి కనపడింది. ఆ రోజు అత్తయ్యదీ ఎర్రచీరే. కానీ గుంపు చూపంతా పెరటి గుమ్మం వైపు వెళ్లింది.

ఆమె అంతా విని, తోముతున్న గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. వాళ్ల పేటలో కూడా తెలిసిపోయింది. ఇంకో రెండిళ్లవాళ్లు పని మాన్పించారు.

నాలుగో రోజు మామయ్య సైకిలు వచ్చింది. సంచిలో గిన్నె ఉంది. ఆ పూటే మామ్మ ఆమెను పిలిపించి కొత్త చీర, పసుపుకుంకుమ చేతిలో పెట్టబోయింది. నేను తలుపు పక్కనే ఉన్నాను.

"గిన్నె దొరికిందే."

"ఎవరు తీశారమ్మా?"

"ఎవరూ తీయలేదే. చేతివాటం, అంతే."

"మరి ఈ నాలుగు రోజులూ నాకున్నదేంటమ్మా?"

చీర తీసుకోలేదు. నా ఊహ తెలిశాక మామ్మ మాటకు మాట లేకుండా నిలబడింది ఆ ఒక్కసారే. ఆమె మళ్లీ మా ఇంట్లో పని చేయలేదు. వినాయకచవితికి శమంతకమణి కథ చదివి నీలాపనిందలు రాకూడదని అక్షింతలు నెత్తిన వేసుకునేటప్పుడు, ఆ ఏడాది మామ్మ ఎందుకో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశాను. అక్కడ దొంగలకు గౌరవం ఎక్కువ. కౌంటర్లో పెన్నుకు పురికొస కట్టేవాళ్లం, మంచినీళ్ల గ్లాసుకు గొలుసు వేసేవాళ్లం. కొన్నాళ్లకు పురికొస ఉండి పెన్ను ఉండేది కాదు. ఐదెకరాల రైతులు, పంచెలు మడత నలగని పెద్దలు, టీచర్లు, అందరూ మా ఖాతాదారులే. ఆ పెన్నులు తీసుకెళ్లినవాళ్లను ఎవరూ దొంగలనలేదు, నేనూ అనలేదు.

బస్టాండుల్లో 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' బోర్డు చూడగానే మగవాళ్లు ఠక్కున జేబు తడుముకునేవారు. ఆ బోర్డు పక్కనే నిలబడితే జేబుదొంగకు పని సులువని, డబ్బు ఏ జేబులో ఉందో వాళ్లే చూపిస్తారని మా కండక్టరు ఒకాయన చెప్పాడు. నాన్నగారి డబ్బు పట్టాపట్టీల డ్రాయరు లోపలి జేబులో ఉండేది. టిక్కెట్టుకు డబ్బివ్వాలంటే ఆయన ఒక మూలకు వెళ్లాల్సి వచ్చేది.

మోసగాణ్ణి ఫోర్‌ట్వంటీ అనడం నా చిన్నప్పటి నుంచి వింటున్నదే. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి కొత్త న్యాయసంహిత వచ్చింది. అందులో మోసానికి 318. గొలుసులు లాక్కుపోవడానికి 304 అని విడిగా ఒక సెక్షనే వచ్చింది. కానీ ఎవరైనా ఎవర్నైనా 'వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు' అంటారా! నోరు తిరగదు. ఇప్పుడు ఫోన్లో పోలీసు గొంతుతో మాట్లాడి, డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి, పెన్షన్ మొత్తం ఊడ్చేసేవాళ్లకు మామ్మ ఏ మాట పెట్టేదో. తాతయ్యయితే పరివంచతే అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

*

షామియానా కింద ఆ మౌనం ఎక్కువసేపు నిలవలేదు. అత్తయ్య మనవరాలు సైకియాట్రీ చదువుతోంది. పెద్దవాళ్ల మొహమాటాలు ఆ పిల్లకు లేవు. "అమ్మమ్మది క్లెప్టోమేనియా అయ్యుంటుంది. జబ్బు. ఇందులో దాచుకోవాల్సిందేముంది?" అంది. వస్తువు మీద ఆశతో కాదట, డబ్బు కోసం కాదట. తీసేముందు లోపల టెన్షన్ పెరిగిపోతుంది, తీయగానే హాయిగా ఉంటుంది, ఆ తర్వాత సిగ్గేస్తుంది. ఇప్పుడు మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆంద్రె మాతే 1816లో దీన్ని గుర్తించి ఒక పేరు పెట్టాడని, 1838లో ఫ్రాన్సులో మార్క్, ఎస్క్విరోల్ అనే ఇద్దరు ఇప్పుడున్న పేరు స్థిరం చేశారని చెప్పింది. పెద్ద పెద్ద బట్టల దుకాణాలు కొత్తగా వచ్చిన రోజుల్లో పారిస్‌లో, లండన్‌లో కలిగిన ఇళ్ల ఆడవాళ్లు ఏదైనా తీస్తూ పట్టుబడితే డాక్టరు ఈ పేరు చెప్పేవాడట, చాలాసార్లు వదిలేసేవాళ్లట. అదే పని పేదింటి మనిషి చేస్తే జైలే.

పిన్ని ఊపిరి పీల్చుకుంది. జబ్బనగానే అందరికీ నోళ్లు తెరుచుకున్నాయి. "మా ఇంట్లో పూలసజ్జ మూత", "మా ఇంట్లో అట్లకాడ" అని తలా ఒకటి చెప్పడం, నవ్వడం. చచ్చిపోయిన మనిషి మీద అంత ప్రేమగా నవ్వడం ఈమధ్య నేనెక్కడా చూడలేదు. నవ్వులో నేనూ కలిశాను. కానీ ఆ రోజు గిన్నెలు బోర్లించి వెళ్లిన మనిషికి ఎవరూ ఏ జబ్బూ చెప్పలేదు, ఆవిడేమీ తీయనే లేదు కాబట్టి చెప్పాల్సిన పనీ రాలేదు. ఆవిడ పేరు చుట్టాల్లో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒక్కరికీ గుర్తు లేదు.

మామయ్య ఒక మూల కుర్చీలో అంతా వింటున్నారు. చెవులు బాగానే పనిచేస్తాయి ఆయనకు. కాసేపటికి లేచి, కర్ర పట్టుకుని నెమ్మదిగా లోపలికి వెళ్లి, ఒక గుడ్డ సంచితో వచ్చారు.

"అన్నీ చేర్చేశాను. ఇదొక్కటే మిగిలిపోయింది" అని స్టీలు మూత ఒకటి తీశారు. దాని మీద చుక్కలతో 'ప.ల.' అని ఉంది. "ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను, ఎవరూ మాది అనలేదు. ఇప్పుడందరూ ఉన్నారు కదా."

మూత చేతులు మారింది. పిన్ని అది తన పెళ్లి సామానులోదేనంది, ఆవిడ పుట్టింటివాళ్లు 'ప' తోనే మొదలు. మా వదిన కాదంది, అది వాళ్లమ్మగారి పాలగిన్నె మూతట, వేటపాలెంలో కొన్నారట. ఇంకొకావిడ కళ్లజోడు పెట్టుకుని, అది 'ల' కాదు 'అ' అని, కాబట్టి తమదని వాదించింది. పిల్లలు ఫోన్లో పెద్దది చేసి చూసి 'ప' కూడా కాదు 'వ' అన్నారు. బస్సు టైమవుతోందని మా ఆయన పిలుస్తున్నా ఒక్కరూ లేవలేదు.

మామయ్య చెయ్యి చాచి మూత తీసుకుని మళ్లీ సంచిలో వేసుకున్నారు.

"గిన్నె తెచ్చి చూపించండి. పట్టినదానికే ఇస్తాను."